కాలి కింద గాలి

తొక్కితే ఆగుతోంది, వదిలితే మోగుతోంది. కుట్టుమిషనైనా, సైకిలైనా, నలభై ఏళ్లుగా తను తొక్కుతూ వచ్చిన పాయపేటీ అయినా, కాలు వేస్తే నడిచేవి, కాలు తీస్తే నిలిచేవి. ఈ నల్ల రబ్బరు పలకకు మాత్రం పుట్టుకతోనే బుద్ధి తిరగబడింది అనుకుంటూ శరయూ చెప్పులు పక్కకు నెట్టి, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కీబోర్డు మీద షడ్జం మెట్టు నొక్కి వేలు తీసేసింది. వేలు తీసినా స్వరం పోలేదు. ఖాళీ కుర్చీల మీదుగా సాగిపోతూ, మేడ మీది వరసలదాకా వెళ్లి, అక్కడే కూర్చున్నట్టు మోగుతూనే ఉంది. ఎడమ పెడల్ మీద కాలు వేసింది. టక్కున ఆగింది. కుడిపక్క ఇంకో పెడల్ ఉంది, అది ముందుకీ వెనక్కీ ఊగే రకం, ధ్వని పెంచడానికీ తగ్గించడానికీ. దాని తంతు ఇంకోటి, సగం దాకా తొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, ఆ మీదట గోరంత కదిపితే చాలు, పిడుగు పడ్డట్టు మీద పడుతుంది. గోడ గడియారంలో మూడూ ఐదు. నాటకం నాలుగింటికి. రంగం మీద ఎవరో రాజమహలు తెరకు మేకులు కొడుతున్నారు, రంగుల గదిలోంచి సాంబ్రాణి పొగా, బయట భడంగ్ మరమరాలు కలుపుతున్న వెల్లుల్లి వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఈ గుంటలోకి దిగుతున్నాయి. రంగానికి ముందు, జనానికీ నటులకీ మధ్య నడుములోతు ఉండే ఈ గుంటలో కూర్చుని తను ఎన్ని మధ్యాహ్నాలు గడిపిందో. ఎప్పుడూ ఇలా కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చోలేదు.

పాయపేటీ ఉండి ఉంటే ఈ గొడవే లేదు. కాళ్లతో తొక్కి వాయించే ఆ హార్మోనియం పెట్టె ఈ నాటక సమాజంలో తనకంటే పెద్దది, అందరికంటే పెద్దది. కృష్ణ ఒడ్డునున్న ఊళ్లో సామాను నేలగదిలో పెట్టకూడదని సాంగ్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు, అయినా పెట్టారు, నీళ్లొచ్చాయి, మూడు రోజులు నిలిచాయి. బురద తోడాక చూస్తే చెక్క ఉబ్బి మూత తెరుచుకోలేదు, తిత్తికి కుట్టిన తోలు తడిసిన అప్పడంలా చేతిలోకి ఊడొచ్చింది, ఇత్తడి రీడ్లు పచ్చగా చిలుమెక్కాయి. మిరజ్‌లో వాద్యాలు బాగుచేసే ముసలాయన వచ్చి, చుట్టూ తిరిగి, చెవి ఆనించి కొట్టి చూసి, దీన్ని బాగుచేయడమంటే కొత్తది చేయడమే తాయీ అన్నాడు. ఆ మాటను ఆయన చావుకబురు చెప్పినట్టు చెప్పాడు, తలపాగా తీసి చేతిలో పట్టుకుని. గణూమామా ఉంటే ఏమనేవాడో. మేనమామ అయినా గురువు ముందు, ఆ తర్వాతే మేనమామ. ఇరవై రెండేళ్లప్పుడు నేర్పమని వెళ్తే ఆరు నెలలు మెట్ల మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆయన వాయిస్తూ పక్కన తనను కూర్చోబెట్టి ఉత్తినే తొక్కించాడు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, పిక్కలు రాళ్లయ్యేదాకా. వేళ్లు వినేవాళ్ల కోసమే పిల్లా, కాళ్లు పాడేవాళ్ల కోసం, అనేవాడు. పాడేవాడికి ఊపిరి ఎక్కడ అయిపోతుందో నీ పాదానికి ముందు తెలియాలి. వాడికి తెలిసేటప్పటికి నువ్వు అక్కడ ఉండాలి. జనానికి ఎప్పటికీ తెలియకూడదు.

ఇప్పుడు కూడా, చూసుకుంటే, ఎడమకాలు దానంతటదే గాల్లో తొక్కుతోంది. తొక్కడానికి కింద ఏమీ లేదు. మోకాలు నొప్పి పుట్టేదాకా అది తనకు తెలియలేదు, నవ్వొచ్చింది, చెయ్యేసి మోకాలు ఆపుకుంది.

పెట్టె పోయినా దాని గొంతు పోలేదు. వరదకు చాలా ఏళ్ల ముందు, కొడుకు నినాద్ కాలేజీలో ఉండగా, ఒక వేసవి సెలవుల్లో అరువు తెచ్చిన రెండు మైకులతో ఆ పాయపేటీ ఒక్కో మెట్టూ రికార్డు చేశాడు. తలుపులు బిగించి, ఫ్యాను ఆపించి, మెల్లగా ఒకసారి, మధ్యస్థంగా ఒకసారి, గట్టిగా ఒకసారి అంటూ తనచేత నొక్కించి, చెమటలు కారుతుంటే బనియనుతో కూర్చుని. ఏ మెట్టు అయింది, ఏది మిగిలింది అని నోటుపుస్తకంలో గుర్తులు పెట్టింది కేతకి. అప్పుడు కేతకి తన దగ్గర పాట నేర్చుకునే పిల్ల, రెండు జడలు, ఎవరూ నవ్వకముందే నవ్వే పిల్ల. రోడ్డు మీద హారన్ మోగితే మళ్లీ మొదట్నుంచి. ఇరవై రోజులు పట్టింది ఆ పని. అరవై ఒక్క మెట్లకు ఇరవై రోజులు ఎందుకు పడుతుందో తనకు ఆలోచన రాకపోవడమే వింత. ఆ ధ్వనులన్నీ ఇప్పుడు ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, ఈ కీబోర్డుకు సొంత గొంతు లేదు, మెట్టు నొక్కితే ఏ స్వరమో వైరు గుండా కబురు పంపుతుంది, అక్కణ్నుంచి ఆ పాత పెట్టె పలుకుతుంది. అచ్చం అదే. నాలుగో మెట్టు దగ్గర ఆ చిన్న జీరతో సహా. అన్నీ ఉన్నాయి, గాలి ఒక్కటే లేదు. గాలి ఈ పెడళ్లలోంచి రావాలి.

బాళూ గుంట అంచున వంగి చూశాడు. మైకులూ స్పీకర్లూ వాడి సామ్రాజ్యం, నలభై దాటినా మెడలో వైరు చుట్టలు వేసుకుని దండల దేవుడిలా తిరుగుతుంటాడు. ఆ పెడళ్లు పీకి పక్కన పెట్టెయ్యమని వాడి సలహా. ధ్వని ఒకే మట్టాన ఉంచి వాయించుకుంటూ పోతే, పెంచడం తగ్గించడం ఇక్కణ్నుంచి తను చూసుకుంటాడట. శరయూ తల అడ్డంగా ఊపింది. వాడు మంచివాడే. కాని వాడు చెవులతో వింటాడు, వినిపించాక పెంచుతాడు, అప్పటికి ఆలస్యమైపోతుంది. వాడు వెళ్లకుండా అక్కడే గొంతుక్కూర్చుని, చెప్పాలా వద్దా అన్నట్టు వైరు వేలికి చుట్టి విప్పి, చివరికి గొంతు తగ్గించాడు.

"అప్పా నీకు చెప్పొద్దన్నాడు కాకూ. అయినా చెప్తున్నా. కేతకితాయి పాట పాతది, రికార్డు చేసింది ఉందిగా, అది నా దగ్గర రెడీగా పెట్టమన్నాడు. శ్రుతి కూడా దించి పెట్టా. ఊపిరి తెగిందనుకో, దాన్ని ఎక్కించేస్తా. తాయి పెదాలు కదిపితే చాలు. జనానికి తెలీదు."

"ఆమెకు తెలుసా?"

"చెప్తే అసలు రంగం ఎక్కుతుందా?"

వాడు లేచి వెళ్లిపోయాడు. అప్పాను తప్పు పట్టడానికి లేదు. సమాజం నడిపేవాడికి రంగం మీద పాట మధ్యలో ఆగిపోవడం కంటే పెద్ద భయం ఉండదు. కాని ఆ రికార్డు. లోకంలో ఇన్ని రికార్డులుండగా అదే. పెళ్లయిన నాలుగో ఏడు నినాద్, కేతకి కలిసి నాటకం పాటలు ఎనిమిది రికార్డు చేశారు. పుణేలో వాడి పనే అది, పాడినవాళ్ల పాటను తెర మీద గీతలుగా పరిచి శుభ్రం చేయడం. దగ్గు తీసేస్తాడు, పేజీ తిప్పిన చప్పుడు తీసేస్తాడు, ఊపిరి పీల్చుకున్న చప్పుడు తీసేస్తాడు. అందరికీ అలాగే చేస్తాడు, అందరూ మెచ్చుకుంటారు, వాడి చేయి పడితే పాట అద్దంలా ఉంటుందని పేరు. ఆ రోజు అందరూ హాల్లో కూర్చుని విన్నారు, తన భర్తకు కూడా, ఆయనకు రాగం అంటే రంగు పేరో ఊరి పేరో తెలియదు, బాగుందే అనిపించింది. కేతకి చివరిదాకా విని, దీనిలో నేనెక్కడా ఊపిరి తీసుకోలేదు అంది. అవును, తీసేశానన్నాడు నినాద్ సంతోషంగా. ఊపిరి తీసుకోకుండా పాడేది ఎవరు, చచ్చినవాళ్లా, అంది కేతకి. అంతే, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి అందరికీ టీ పెట్టింది. దాని వల్లే విడిపోయారని కాదు. ఒక్కదాని వల్ల ఎవరూ విడిపోరు. ఇద్దరూ మంచివాళ్లయిన ఇంట్లో తప్పు ఎవరిదో తేల్చుకోలేక ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, వీళ్లకు ఐదేళ్లు పట్టింది. పిల్లలు కలగలేదు, అదీ ఒకటి. విడాకుల కాగితాలు వచ్చిన వారం కూడా కేతకి రిహార్సల్‌కు వచ్చింది, కూర్చుంది, శ్రుతి ఇవ్వండి బాయీ అంది. పాఠం నేర్చుకున్నప్పుడు బాయీ అనేది, కోడలయ్యాకా బాయీ అనే పిలిచింది, మార్చుకోలేకపోయానని నవ్వేది, చివరికి అదే మంచిదయింది, ఏదీ మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. విడాకులైన ఈ మూడేళ్లూ తను ఆమెకు వాయిస్తూనే ఉంది. కొడుకును వదిలిన పిల్లకు వాయిస్తున్నావేమిటని చుట్టాలు అడిగారు. పాట వదల్లేదుగా అంది తను. ఆదివారం ఆదివారం నినాద్ ఫోను చేస్తాడు, ఏం తిన్నావు, నాన్న బీపీ ఎంత, వానలు పడ్డాయా, అంతే, కేతకి పేరు ఇద్దరూ తలవరు, దారి మధ్య గుంట ఉందని తెలిసిన బండివాళ్లలా చెరో పక్కనుంచి పోతారు.

ఆ తర్వాత పోయిన వానాకాలం కేతకికి జ్వరం వచ్చింది, ఊపిరితిత్తిలో నీరు చేరింది, మిరజ్ ఆసుపత్రిలో నెలా పదిరోజులు. వీపులోంచి గొట్టం వేసి నీరు తీశారు. తను వెళ్తే గొట్టం చివరన సీసాలో బుడగలు వస్తున్నాయి, లోపలికి పీల్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి, కేతకి వాటిని చూస్తూ, విలంబిత లయ బాయీ, అని నవ్వబోయి దగ్గింది. డాక్టర్లు పాడొచ్చు గాని తొందరపడొద్దన్నారు. ఐదున్నర శ్రుతికి పాడే పిల్ల ఐదుకు దిగింది. ఇంత లావు దమ్ముండేది, రెండు ఆవర్తనాలు ఒక్క ఊపిరి మీద లాగేది, ఇప్పుడు సగానికే భుజాలు లేస్తున్నాయి. ఇవాళ తొమ్మిది నెలల తర్వాత మొదటి నాటకం. రిహార్సల్స్‌లో ఆమె అందుకోలేనప్పుడల్లా తను ఊగే పెడల్‌ను తొక్కింది, తొక్కినప్పుడల్లా అది భళ్లున పెరిగి ఆమె గొంతును కప్పేసింది, తొక్కకపోతే కింద ఏమీ లేక ఆమె ఒంటరిగా గాల్లో ఉండిపోయింది. బాగానే ఉంది బాయీ అంటూ వచ్చింది కేతకి. బాగాలేదని ఇద్దరికీ తెలుసు.

మూడూ పద్దెనిమిది. ల్యాప్‌టాప్ తెర మీద పెడల్ అన్నచోట వంపు గీతా, పక్కన అంకెల గళ్లూ ఉన్నాయి. సున్నా నుంచి నూట ఇరవై ఏడు దాకా. వాటిని చూస్తుంటే చిన్నప్పుడు లెక్కల పరీక్షలో కూర్చున్నట్టుంది. ఈ అంకెలు తెలిసినవాడు ఒకడే ఉన్నాడు. ఇవాళ శనివారం. ఆదివారం కాని రోజు ఫోను చేస్తే ముందు నాన్నకేమైందంటాడు. ఆ తర్వాత ఎవరికి వాయిస్తున్నావంటాడు. ఏం చెప్పాలి. వాడి కడుపులో ఏముందో తనకు తెలియదు. వాడు కోపంగా ఉన్నాడో, మరిచిపోయాడో, ఒంటరిగా అన్నం వండుకుంటూ ఏం వింటాడో, తల్లే అయినా తెలియదు. ఒకప్పుడు వాడి ఏడుపును బట్టి ఆకలో నిద్రో చెప్పేది. రంగుల గదిలోంచి కేతకి గొంతు సవరించుకుంటున్న హమ్మింగ్ వినిపించింది, మంద్రంలో, భయపడుతూ మెట్లు దిగేవాళ్లలా ఒక్కొక్క స్వరం. శరయూ ఫోను తీసింది.

నాన్నకేమైంది అనే అన్నాడు. ఏం కాలేదు, పెడల్ తిరగబడిందని చెప్పింది. తొక్కితే ఆగుతోంది, వదిలితే మోగుతోంది. అటు నుంచి ఎవరితోనో ఒక్క నిమిషం అని చెప్పి, తలుపు మూసిన చప్పుడు.

"కీబోర్డు ఆన్ చేసేటప్పుడు నీ కాళ్లెక్కడున్నాయి, ఆయీ?"

"పెడళ్ల మీద. ఇంకెక్కడుంటాయిరా?"

వాడు నవ్వాడు. ఎన్ని నెలలయింది వాడు అలా నవ్వి. ఆన్ చేసిన క్షణంలో పెడల్ ఎలా ఉంటే అదే దాని విశ్రాంతి అని కీబోర్డు అనుకుంటుందట. నువ్వు కాలు పెట్టి ఉంచావు కాబట్టి కాలు తీయడమే తొక్కడం అనుకుంది పాపం అన్నాడు. ఆపేసి, కాళ్లు రెండూ కుర్చీ కిందకు మడుచుకుని, మళ్లీ వెయ్యమన్నాడు. మడుచుకుంది. గుడిలో పాదాలు దేవుడి వైపు చాపకూడదని వెనక్కి లాక్కున్నట్టు. ఆన్ చేసింది. మెట్టు నొక్కి వదిలింది, స్వరం పోయింది. కాలు వేసి నొక్కి వదిలింది, నిలిచింది. ఇంత చిన్నదానికా అనుకుంది, ఇంత చిన్నదే రెండు వారాలుగా తనను ఏడిపించింది. ఊగే పెడల్ సంగతి చెప్పింది. మడమ పూర్తిగా ఆనించి ఒకసారి, వేళ్లు పూర్తిగా నొక్కి ఒకసారి, దానికి దాని అడుగూ అంచూ చూపించమన్నాడు, చూపించింది. తెర మీద చుక్క కాలితోపాటు ఎక్కి దిగింది. ఇక అంకెలు పెట్టాలి, అన్నాడు. రంగం మీద మేకులు కొట్టడం ఆగింది.

"పాట భీమ్‌పలాస్ రాగంలో," అంది శరయూ, ఎవరికి వాయిస్తున్నావని వాడు అడగకముందే, అదే జవాబైనట్టు.

"తెలుసు ఆయీ. అప్పా రిహార్సల్ వీడియో గ్రూపులో పెట్టాడు. విన్నాను."

ఒకసారా, పదిసార్లా, అడగాలనిపించింది, అడగలేదు. వాడు గొంతు మారకుండా, వంట చెప్పినట్టు చెప్పుకుపోయాడు. కింది అంకె సున్నా వద్దు, ముప్పై ఎనిమిది పెట్టు, నువ్వు కాలు పూర్తిగా తీసినా అడుగున సన్నగా ఉండాలి. పైది నూట నాలుగు దాటనివ్వకు, ఆ పైన గొంతును మింగేస్తుంది. వంపు ముందు నెమ్మదిగా, చివర కాస్త తొందరగా. ఆ కింద ఇంకో గడి ఉంది, ఆలస్యం అని, అందులో నూట ఎనభై మిల్లీసెకన్లు. పాత పెట్టెలో నువ్వు తొక్కాక గాలి వచ్చేసరికి అరక్షణం పట్టేది కదా, నీ కాలికి ఆ అలవాటు ఉంది, నువ్వు ముందే తొక్కుతావు, దీనికి తిత్తి లేదు కాబట్టి వెంటనే అరుస్తోంది, తప్పు నీ కాలిది కాదు. శరయూ నాటకం ప్రతి వెనుక పెన్సిలుతో రాసుకుంటూ వచ్చింది, ముప్పై ఎనిమిది, నూట నాలుగు, నూట ఎనభై, అక్షరాలు వంకర పోయాయి. తప్పు నీ కాలిది కాదు అన్నది మాత్రం రాసుకోనక్కర్లేదు. వాడు ఆగాడు. పెట్టేశాడేమో అనుకుంది.

"రెండో చరణంలో పై షడ్జం పట్టుకునే ముందు ముక్కుతో ఊపిరి తీసుకుంటుంది. చప్పుడు రాదు, కుడి భుజం కొంచెం లేస్తుంది, అంతే. ఇదివరకు తాళంలో పన్నెండో మాత్ర మీద తీసుకునేది. ఇప్పుడు తొమ్మిది మీదే తీసుకుంటోంది, అది తనకే తెలియట్లేదు, పన్నెండు దాకా ఉందనుకుని లాగుతోంది. నువ్వు ఎనిమిది మీద తొక్కు."

"ఎనిమిది మీద," అంది శరయూ.

"పనుంది ఆయీ," అని పెట్టేశాడు.

ఎన్ని వందలసార్లు ఆ ఊపిరిని తెర మీద గీతగా చూసి, రెండు వైపులా కత్తిరించి, తీసి పారేశాడో వాడు. పారేసినవన్నీ వాడి దగ్గరే ఉన్నాయి. శరయూ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాల మీద ఏమీ లేదు. తర్వాత ఒక్కో అంకె, ఒక్కో గడి, రెండు వేళ్లతో టైపు చేసింది, మూడు అని నొక్కబోయి ఆరు నొక్కి చెరిపి, మళ్లీ. కాలు వేసి చూసింది. మొదట ఏమీ లేదు, ఆ తర్వాత ఎక్కడో లోపల్నుంచి, తోలు సాగి గాలి కూడుకున్నట్టుగా, మెల్లగా వచ్చింది ధ్వని. కాలు తీసింది, సన్నగా నిలిచింది. తబలా ఆయన సుత్తి పట్టుకుని తలెత్తి చూసి, పెట్టె తిరిగొచ్చిందే అన్నాడు, ఇంకేమీ అడక్కుండా తన తబలా చెవికి ఆనించుకున్నాడు.

జనం నిండారు, కుర్చీలు మడతలు విప్పుకునే చప్పుడు, చంటిపిల్లల ఏడుపు, మూడో గంట, కొబ్బరికాయ, తెర. అందరూ నిలబడి నాంది పాడారు, కేతకి వెనుక వరసలో ఆకుపచ్చ అంచు చీరలో ఉంది, పెదాలు కదుపుతోంది గాని గొంతు దాచుకుంటోంది. మొదటి అంకం ఆ పాటదాకా ఎలా నడిచిందో శరయూకు తెలియలేదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మంత్రి పాటా, విదూషకుడి జోకులూ, జనం నవ్వులూ ఏదో పక్కింటి చప్పుళ్లలా వచ్చి పోయాయి. బాళూ రంగం పక్కన తన బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, ల్యాప్‌టాప్ తెర వెలుగు వాడి గడ్డం మీద పడుతోంది, వాడి చూపుడు వేలు ఎక్కడుందో ఇక్కణ్నుంచి కనిపిస్తోంది. వాడిని చూడకూడదనుకుంది. కేతకి ముందుకొచ్చి నిలబడింది. పల్లవి బాగానే ఎత్తుకుంది, గొంతు కాస్త పలచబడింది, ఇదివరకటి మెరుపు లేదు, దానికి బదులు ఇంకేదో ఉంది, మబ్బు పట్టిన మధ్యాహ్నం వెలుగు లాంటిది, భీమ్‌పలాస్‌కు అదే నప్పుతుందేమో ఎవరు చెప్పొచ్చారు. మొదటి చరణం దాటింది. శరయూ లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది, ఎప్పుడూ లెక్కపెట్టదు, లెక్కపెట్టేవాడు వాయించలేడనేవాడు గణూమామా, ఇవాళ లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు, కేతకి నిషాదం మీద నిలబడి పైకి చూస్తోంది, ఐదు, ఆరు, పాత అలవాటు కాలిని ఆగమంటోంది, ఇంకా భుజం లేవలేదు, ఇప్పుడే తొక్కితే పాట మీద పడతావంటోంది, ఏడు, నలభై ఏళ్ల కాలు ఒక మాట చెబుతోంది, పుణేలో కూర్చున్న కొడుకు ఒక మాట చెప్పాడు, బాళూ వేలు లేచింది, ఎనిమిది. తొక్కింది. అరక్షణం ఏమీ కాలేదు. ఆ అరక్షణం చాలా పొడుగు. ఆ తర్వాత గాలి వచ్చింది, సరిగ్గా అప్పుడే కుడి భుజం పైకి లేచింది, చీర అంచు అంగుళం కదిలింది, అంతే, పాడుతున్నది ఎక్కడ ఆగిందో, పెట్టె ఎక్కడ అందుకుందో గుంటలో కూర్చున్న తనకే అతుకు తెలియలేదు. ఆ ధ్వని మీద కాలు పెట్టి కేతకి పై షడ్జానికి ఎక్కింది. ఎక్కి నిలబడింది. పెద్దగా కాదు. కాని నిలబడింది. జనంలో ఎవరో ఆహా అనబోయి సగంలోనే ఆపుకున్నారు. ఓరకంట చూస్తే బాళూ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

అంకం ముగిసి తెర పడ్డాక చప్పట్లు చాలాసేపు మోగాయి. విరామంలో గుంటలోవాళ్లంతా టీకి లేచిపోయారు. శరయూ లేవలేకపోయింది, మోకాలు పట్టేసింది, ఎడమ పిక్కను రెండు చేతులతో ఒత్తుకుంటూ కూర్చుంది. రంగం పక్క మెట్లమీదనుంచి కేతకి దిగి వచ్చింది, ముక్కుకు నత్తు, నొసట అర్ధచంద్రపు బొట్టు, చేతిలో వేడినీళ్ల స్టీలు గ్లాసు. కింది మెట్టు మీద కూర్చుని, ఊపిరి సర్దుకుని, రెండు గుక్కలు తాగింది. మెడ దగ్గర చెమటకు రంగు కరిగి చారలు కట్టింది. పెడళ్ల వైపు చూసింది.

"పై షడ్జం ముందు, నేను అడక్కముందే ఇచ్చారు," అంది. "అక్కడ నాకు అవసరమని నాకే తెలియదు. మీరెప్పుడూ అలా ఇవ్వలేదు బాయీ. నేను భుజం ఎత్తాక ఇచ్చేవారు."

శరయూ పిక్క ఒత్తుకోవడం ఆపలేదు. అనుభవం అనవచ్చు. పెడల్ బాగుపడింది అనవచ్చు, అది కూడా నిజమే. ఇలాంటి చోట తనెప్పుడూ పక్కనుంచి బండి తిప్పుకుని పోయింది, ఇద్దరి దగ్గరా.

"ఎవరు చెప్పారు?" అంది కేతకి.

"నినాద్."

తెర వెనుక ఎవరో సింహాసనం ఈడుస్తున్నారు. కేతకి గ్లాసులోకి చూసింది. ముఖంలో ఏం వచ్చిందో పోయిందో రంగు కింద తెలియలేదు, గ్లాసు పట్టుకున్న వేళ్లు మాత్రం ఒకటి తర్వాత ఒకటి బిగిశాయి, వదులయ్యాయి. వాడు వీడియో చూశాడని చెప్పాలా, శనివారం పని వదిలి తలుపు మూసుకుని మాట్లాడాడని చెప్పాలా, ఎనిమిది మీద అన్నప్పుడు వాడి గొంతు ఎలా ఉందో చెప్పాలా. శరయూ ఏదీ చెప్పలేదు. అవి తను తొక్కవలసినవి కావు. మొదటి గంట కొట్టారు. కేతకి లేచి, నత్తు సరిచేసుకుని, మెట్టెక్కబోయి, వెనక్కి తిరగకుండానే నిలబడింది.

"రెండో అంకంలో పాట ఇంకా కష్టం," అంది. "దానికెంత పెట్టాలో అడగండి."

శరయూ ఫోను తీసి నంబరు నొక్కింది. అటు మోగడం మొదలయ్యాక, ఏమనుకుందో, చెయ్యి చాపి ఫోనును మెట్ల వైపు పట్టుకుంది. కేతకి దాన్ని చూసింది. తీసుకోలేదు. అలాగని మెట్లూ ఎక్కలేదు, గ్లాసు గుంట పిట్టగోడ మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంటూ అక్కడే నిలబడి, మోగుతున్న ఫోనును వింటోంది.